గ్రీన్‌ఫీల్డ్ పేజీ ఏమైంది?

2020 సెప్టెంబరులో ఇంగ్లిష్ వికీపీడియాలో థెరీసా గ్రీన్‌ఫీల్డ్ పేరు వెతికినవాళ్లకు ఆమె మీద వ్యాసం దొరకలేదు. ఆ పేరు నొక్కితే అయోవా సెనెట్ ఎన్నిక పేజీ తెరుచుకునేది. తెలుగు వికీపీడియన్ల భాషలో చెప్పాలంటే అదొక దారిమార్పు. ఆమె ఊరూపేరూ లేని మనిషి కాదు. జూన్ 2న డెమోక్రటిక్ ప్రైమరీలో ముగ్గురు ప్రత్యర్థులను దాటి అమెరికా సెనెట్‌కు పార్టీ అభ్యర్థి అయ్యారు. సెప్టెంబరులో డిమాయిన్ రిజిస్టర్ పత్రిక సర్వేలో ఆమెకు 45 శాతం, పదవిలో ఉన్న జోనీ ఎర్న్‌స్ట్‌కు 42 శాతం వచ్చాయి. సెనెట్‌లో ఏ పార్టీది పైచేయి అవుతుందో తేల్చే కొద్ది సీట్లలో ఆ సీటు ఒకటి. అలాంటి పోటీలో ముందంజలో ఉన్న అభ్యర్థికి ప్రపంచంలోనే పెద్ద విజ్ఞాన సర్వస్వంలో పేజీ లేదు. ఎందుకు?

ఎవరూ రాయలేదేమో అన్నది మొదట తట్టే జవాబు. అది నిలవదు. వ్యాసం చిత్తుప్రతి పరిశీలనకు వెళ్లింది. తిరస్కరించారు. మళ్లీ వెళ్లింది, మళ్లీ తిరస్కరించారు. అంటే అక్కడ జరిగింది మరుపు కాదు, తెలిసి తీసుకున్న నిర్ణయం. నిర్ణయమన్నాక దాని వెనక ఒక నియమం ఉండాలి.

ఆ నియమం ఉంది. విషయ ప్రాముఖ్యత గురించిన మార్గదర్శకాల్లో రాజకీయ నాయకులకు ప్రత్యేకంగా కొన్ని వాక్యాలున్నాయి. జాతీయ స్థాయిలోనో రాష్ట్ర స్థాయిలోనో పదవి నిర్వహించినవారికి, ఆ స్థాయి చట్టసభల్లో సభ్యులైనవారికి ప్రాముఖ్యత ఉందనే అనుకోవచ్చు. స్థానిక నాయకులైతే పత్రికలు వాళ్ల గురించి గణనీయంగా రాసి ఉండాలి. స్థానిక పదవికి ఎన్నికైనంత మాత్రానో, ఎన్నికలో నిలబడినంత మాత్రానో వ్యాసం రాదు. మన లెక్కలోకి తెస్తే ఎమ్మెల్యేకు వస్తుంది. సర్పంచికి, జెడ్పీటీసీకి, ఎమ్మెల్యేగా పోటీ చేసి ఓడినవారికి ఆ ఒక్క కారణంతో రాదు.

ఇక్కడ రెండో ఆధారం దొరుకుతుంది, ప్రత్యర్థి జీవితంలో. ఎర్న్‌స్ట్ 2011లోనే అయోవా రాష్ట్ర సెనెట్‌లో అడుగుపెట్టారు. ఆ సభలో 50 మంది సభ్యులు. రాష్ట్ర జనాభా ముప్పై లక్షల పైచిలుకు. ఒక్కొక్కరు సుమారు అరవై వేల మందికి ప్రతినిధి, అంటే మన దగ్గర ఒక మండలం జనాభా అంత. 2014లో ఆమె అమెరికా సెనెట్‌కు నిలబడేనాటికే ఈ నియమం ప్రకారం ఆమెకు అర్హత వచ్చేసింది. గ్రీన్‌ఫీల్డ్ ఏ పదవీ చేయలేదు. డిమాయిన్‌లో ఒక స్థిరాస్తి కంపెనీకి అధ్యక్షురాలు, అంతే.

ఆ ఏడాది మిగతా గట్టి పోటీల్లో నిలిచినవాళ్లను చూస్తే ఈ ఆధారం బలపడుతుంది. మెయిన్‌లో సారా గిడియన్ రాష్ట్ర సభకు స్పీకరు. నార్త్ కరోలినాలో కాల్ కనింగ్‌హామ్ ఒకప్పటి రాష్ట్ర సెనేటరు. ఆరిజోనాలో మార్క్ కెల్లీ వ్యోమగామి. కెంటకీలో ఎమీ మెక్‌గ్రాత్ యుద్ధ విమానాలు నడిపిన మెరీన్, 2018 పోటీతోనే దేశమంతా తెలిసిన పేరు. ప్రతి ఒక్కరికీ అభ్యర్థిత్వం కాక ఇంకో వాకిలి ఉంది. గ్రీన్‌ఫీల్డ్‌కు లేదు. కుర్చీ ఎక్కినవాళ్లకు పేజీ వస్తుంది, ఎక్కబోయేవాళ్లకు రాదు. ఓటరు తెలుసుకోవాలని వెతికే సమయమేమో కుర్చీ ఎక్కకముందే.

ఆడవాళ్ల మీద వివక్ష కాదా అని అప్పుడు చాలామంది అడిగారు. అడగడానికి గట్టి కారణమే ఉంది. ఇంగ్లిష్ వికీపీడియాలోని జీవిత చరిత్రల్లో మహిళలవి అప్పటికి అయిదో వంతు కూడా లేవు. 2018లో భౌతికశాస్త్ర నోబెల్ అందుకున్న డోనా స్ట్రిక్‌లాండ్ మీద వ్యాసం చిత్తుప్రతిని ఆ ఏడాది మేలోనే, మూలాలు చాలవని, తిరస్కరించారు. అక్టోబరులో బహుమతి ప్రకటించాకే ఆమెకు పేజీ వచ్చింది. కానీ అయోవాలో ఈ జవాబు ఒక్కటే సరిపోదు, ఎందుకంటే పేజీ ఉన్న ప్రత్యర్థి కూడా మహిళే. నియమం స్త్రీ, పురుషుడు అని చూడదు, పదవి చూస్తుంది. పదవులు ఎవరికి ఎక్కువగా దక్కుతూ వచ్చాయో మనకు తెలుసు గనక ఫలితంలో వివక్ష చేరుతుందని నా అభిప్రాయం.

తిరస్కరించిన సంపాదకుల పక్షం కూడా న్యాయంగా వినాలి. వాళ్లను మొండివాళ్లని కొట్టిపారేయలేం. అమెరికాలో రెండేళ్లకోసారి ప్రతినిధుల సభలోని 435 సీట్లకూ ఎన్నిక జరుగుతుంది. మన 2019 లోక్‌సభ ఎన్నికల్లో ఎనిమిది వేల మందికి పైగా నిలబడ్డారు. ఆ ఏడాది నిజామాబాద్‌నే తీసుకోండి. పసుపు, ఎర్రజొన్న రైతులు తమ గోడు దేశానికి వినిపించాలని నామినేషన్లు వేయడంతో బరిలో 185 మంది మిగిలారు. ఆ పోరాటం గురించి తప్పకుండా రాయాలి. కానీ 185 వ్యాసాలు రాయాలంటే ఒక్కొక్కరి గురించి ఏ మూలాలున్నాయి? పేరు, ఊరు, ఎన్ని ఓట్లు. అందరినీ కలిపి ఎన్నిక పేజీలో చెప్పడమే అక్కడ సరైన పద్ధతి. పైగా అభ్యర్థి పేజీని అభ్యర్థి మనుషులే రాస్తే అది కరపత్రం అవుతుంది. ప్రత్యర్థి మనుషులు దిద్దితే బురద అవుతుంది. జీతం లేకుండా కాపలా కాసే వాడుకరులు ఎంతమంది ఉంటే ఆ వరదను ఆపగలరు? అభ్యర్థి పేరును ఎన్నిక పేజీకి దారిమార్పు చేయడం వెనక ఉన్నది ఆ భయమే.

అయితే గ్రీన్‌ఫీల్డ్ ఆ 185 మందిలో ఒకరిలాంటి వ్యక్తేనా? చిక్కుముడి విడిపోయేది ఈ ప్రశ్న దగ్గరే. తిరస్కరించినవారు ఎక్కువగా ఆధారపడింది నియమంలోని సగం మీద. అభ్యర్థి అయినంత మాత్రాన అర్హత రాదని ఒక సగం అంటుంది. అభ్యర్థి అయినా సరే, స్వతంత్రమైన, నమ్మదగిన మూలాలు ఆ వ్యక్తి గురించి విస్తారంగా రాసి ఉంటే అర్హత ఉన్నట్టేనని రెండో సగం అంటుంది. రెండో సగానికి సాక్ష్యం పత్రికల్లో అప్పటికే గుట్టగా పడి ఉంది.

ఆ గుట్ట తిరగేస్తే ముందుగా కనిపించేది 2018 సంగతి. ఆ ఏడాది ఆమె అయోవా మూడో నియోజకవర్గం నుంచి ప్రతినిధుల సభకు పోటీ చేయబోయారు. నామినేషన్ పత్రాల మీద తన ప్రచార నిర్వాహకుడు దొంగ సంతకాలు పెట్టాడని గడువు ముంగిట బయటపడింది. ఆ పత్రాలు వెనక్కి తీసుకుని, మిగిలిన కొద్ది గంటల్లో కొత్త సంతకాల కోసం ప్రయత్నించారు. సరిపోలేదు. పోటీ అక్కడితో ముగిసింది. ఇది 2020 ఎన్నికతో సంబంధం లేని వార్త, అప్పట్లోనే పత్రికల్లో వచ్చింది. ఆమె జీవితం గురించి కూడా చాలా రాశారు. మిన్నెసోటాలో పొలం పనుల మధ్య పెరగడం, విద్యుత్ లైన్ల కార్మికుడైన భర్త 1988లో పనిలో ప్రమాదానికి గురై చనిపోవడం, అప్పటికి ఆమెకు 24 ఏళ్లు, కడుపులో రెండో బిడ్డ, సోషల్ సెక్యూరిటీ సాయంతో నిలదొక్కుకోవడం, అన్నీ అచ్చులో ఉన్నాయి. ఇక 2020 జులై నుంచి సెప్టెంబరు వరకు ఆమె ప్రచారానికి వచ్చిన విరాళాలు 2.87 కోట్ల డాలర్లు. ప్రత్యర్థికి వచ్చినదానికి అది సుమారు నాలుగు రెట్లు.

ఇంత సరంజామా ఉన్నా ‘ఇది ప్రచార వార్తే కదా, ఏ అభ్యర్థికైనా వస్తుంది’ అన్నది ఎదుటి వాదన. నాకు అది సమ్మతం కాదు. నామినేషన్ వేశారు, సభ పెట్టారు అన్న వార్తలు మామూలువే. ఒక మనిషి పుట్టుక నుంచి వృత్తి దాకా విలేకరులు వెళ్లి విచారించి రాసినవి మామూలువి కావు. మూలం లోతును తూచాల్సిన చోట పదవి ఉందా అని మాత్రమే అడిగారు.

అక్టోబరులో, ఎన్నికకు కొద్ది వారాల ముందు, ఈ సంగతి పత్రికలకెక్కింది. వికీపీడియాలో చర్చ మళ్లీ జరిగింది. వ్యాసం వచ్చింది. నియమం మారలేదు, ఆమె కొత్తగా ఏ పదవీ ఎక్కలేదు. చూసిన సగం మారింది.

ఈ చిక్కు తెలుగులో ఇంకో రూపంలో ఉంటుంది. 1989లో ఈనాడు జిల్లా పత్రికలు మొదలుపెట్టాక మన స్థానిక నాయకుల గురించి కుప్పలుగా వార్తలు వచ్చాయి. ఒక జిల్లా పరిషత్ ఛైర్మన్ చెరువులు తవ్వించారనో, బడులు తెరిపించారనో ఆ పేజీల్లో అచ్చయి ఉండొచ్చు. కానీ పాత సంచికల్లో చాలా భాగం ఇంటర్నెట్‌లో వెతికితే దొరకవు. మూలం ఉండదని కాదు, చేతికి అందదు. తెలుగు వికీపీడియాలో అలాంటి వ్యాసం తొలగింపు చర్చకు వస్తే, గ్రంథాలయానికి వెళ్లి తేదీతో సహా ఆ సంచికను చూపించగలిగినవారి మాటే నిలబడాలి. వికీపీడియా నియమాలు ఆన్‌లైన్ మూలమే కావాలని ఎక్కడా అడగవు.

అయోవా కథలో చివరి ఆధారం నవంబర్ 3 తర్వాత దొరికింది. గ్రీన్‌ఫీల్డ్ ఓడిపోయారు. ఎర్న్‌స్ట్‌కు సుమారు 52 శాతం, ఆమెకు 45 శాతం, సుమారు ఏడున్నర లక్షల ఓట్లు. అభ్యర్థి కావడమే ఆమె అర్హత అయి ఉంటే, ఓటమితో ఆ పేజీ మళ్లీ దారిమార్పు అయిపోవాలి. అవ్వలేదు. ఒకసారి వచ్చిన ప్రాముఖ్యత కాలంతో పోదని అదే మార్గదర్శకాల్లో ఉంది. 2021లో బైడెన్ ప్రభుత్వం ఆమెను వ్యవసాయ శాఖ గ్రామీణాభివృద్ధి విభాగానికి అయోవా రాష్ట్ర డైరెక్టరుగా నియమించింది. ఆ వాక్యం రాయడానికి అప్పటికే ఒక పేజీ ఉంది.