మెతుకు సీమ గోడలు, మన బడి గేటు

తొమ్మిదో తరగతిలో ఉండగా సోషల్ సారు మమ్మల్ని మెదక్ విహారయాత్రకు తీసుకెళ్లారు. పోచంపాడ్ నుంచి ఆర్మూర్, కామారెడ్డి, రామాయంపేట మీదుగా బస్సులో ప్రయాణం. మాకేమో చర్చి చూడాలని ఆత్రం. సారు మాత్రం ముందు కోట ఎక్కించారు. "చర్చి ఎక్కడికీ పోదురా, ముందు దర్వాజలు చూడండి" అన్నారు.

కాకతీయుల కాలం నాటి ఆ కోటకు మెతుకుదుర్గమని పాత పేరు. మెతుకంటే అన్నం మెతుకే. గుట్ట ఎక్కుతుంటే ప్రథమ ద్వారం, సింహ ద్వారం, గజ ద్వారం వరుసగా ఎదురవుతాయి. తర్వాత వచ్చిన కుతుబ్‌షాహీలు లోపల మసీదు, ధాన్యాగారాలు కట్టించారు. ఏలినవాళ్లు మారినా పాత ద్వారాలు నిలిచాయి. శత్రువును ఆపడానికి, ధాన్యాన్ని కాపాడుకోవడానికి కట్టిన గోడలవి.

పైనుంచి చూస్తే ఊళ్లో చర్చి శిఖరం కనిపించింది. దాని ఎత్తు 175 అడుగులు. చర్చి పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు. 1914లో మొదలైన కట్టడం పదేళ్లు సాగి, 1924 డిసెంబరు 25న ప్రారంభమైంది. కరువు రోజుల్లో ఛార్లెస్ వాకర్ పాస్నెట్ అనే మిషనరీ జనానికి పని చూపించి తిండి పెట్టారు. కోట ధాన్యాన్ని దాచింది, చర్చి పని మెతుకు పెట్టింది. ఆవరణ గేటు దగ్గర ఆగి సారు ఒక ప్రశ్న వేశారు: "పాస్నెట్ పేరు అందరికీ తెలుసు. రాళ్లు మోసినోళ్లలో ఒక్కరి పేరు చెప్పండి." ఎవరం నోరు విప్పలేదు.

ఇప్పుడు స్వర్ణోత్సవాల సందర్భంగా మన బడి పాత గేటు స్తంభాలు తీసేసి పెద్ద ఆర్చి కట్టాలన్న ఆలోచన నడుస్తోంది. 1963 జూలై 26న నెహ్రూ మన ప్రాజెక్టుకు శంకుస్థాపన చేశారని మనలో చాలామందికి కంఠస్థం. ఆ ప్రాజెక్టు పనికి వచ్చి కాలనీలో స్థిరపడిన కుటుంబాల పిల్లలే మన తొలి బ్యాచీలు. ఆలస్యమైన రోజు మనం భయంభయంగా చేయి ఆనించి నిలబడింది ఆ స్తంభాలకే.

ఆర్చి కట్టుకుందాం, వద్దనను. ఆ రెండు స్తంభాలను మాత్రం అలాగే ఉంచి, నాలుగడుగులు లోపలికి కట్టుకుందాం. వాటిని చెక్కి నిలబెట్టిన వడ్డెర మేస్త్రీలు, కూలీల పేర్లు మీ ఇళ్లలో పెద్దలకు గుర్తుంటే అడిగి రాసుకు రండి. దాతల పేర్ల కంటే ముందు ఆ పేర్లు చెక్కిద్దాం. సారు వేసిన ప్రశ్నకు ఇన్నేళ్ల తర్వాతైనా మనం జవాబు చెప్పినట్టవుతుంది.