తెలుగు అపరాధ పరిశోధక నవల

ఒక నేరం జరగడం, దాని వెనక ఎవరున్నారో తేల్చడం కథగా నడిచే నవలలను అపరాధ పరిశోధక నవలలు అంటారు. పాఠకుల నోట మాత్రం అవి డిటెక్టివ్ నవలలే. గూఢచారి నవలలు, సస్పెన్స్ నవలలు, 1980ల తర్వాత థ్రిల్లర్లు అనిపించుకున్నవీ ఈ కోవలోకే వస్తాయి. 20వ శతాబ్దం మొదట్లో అనువాదాలుగా మొదలైన ఈ నవల 1950ల నుంచి 1990ల నడిమి దాకా తెలుగు ఊళ్లలో విపరీతంగా చెలామణి అయింది. సాహిత్య విమర్శ దీన్ని పట్టించుకున్నది తక్కువ. ఏ పుస్తకం చదవదగ్గదో అద్దె పుస్తకాల షాపుల్లో, కాలేజీ హాస్టళ్లలో, రైలు పెట్టెల్లో పాఠకులే తేల్చుకున్నారు. అందుకని ఈ నవల చరిత్రలో రచయితలకు ఎంత చోటుందో, పుస్తకాన్ని చేతులు మార్చిన పాఠకులకూ అంతే ఉంది.

బెంగాల్ మీదుగా

పాశ్చాత్య సాహిత్యంలో డిటెక్టివ్ కథకు తొలి నమూనాగా ఎడ్గార్ ఎలన్ పో 1841లో రాసిన ‘ది మర్డర్స్ ఇన్ ది రూ మోర్గ్’ను చెబుతారు. 1868లో విల్కీ కాలిన్స్ రాసిన ‘ది మూన్‌స్టోన్’ మన దేశంలోనే మొదలవుతుంది. 1799లో శ్రీరంగపట్నం ముట్టడిలో ఒక ఆంగ్లేయ సైనికాధికారి దోచుకుపోయిన వజ్రం చుట్టూ ఆ కథంతా తిరుగుతుంది. 1887లో కానన్ డాయల్ షెర్లాక్ హోమ్స్‌ను పరిచయం చేశాక ఈ తరహా రచన ప్రపంచమంతా పాకింది.

తెలుగుకు ఇది ఇంగ్లీషు నుంచి సూటిగా వచ్చిన దానికన్నా బెంగాలీ మీదుగా వచ్చింది ఎక్కువ. కలకత్తా పోలీసు శాఖలో పనిచేసిన ప్రియనాథ్ ముఖోపాధ్యాయ్ తన కేసుల ఆధారంగా 1892 నుంచి ‘దారోగార్ దఫ్తర్’ కథలు వెలువరించాడు. తర్వాత పాంచ్‌కడీ దే నవలలు అక్కడ ఒక ఊపు ఊపాయి. అదే కాలంలో తెలుగు రచయితలకు బెంగాలీ నవల మీద మోజు పుట్టింది. వేంకట పార్వతీశ కవులు ఆంధ్ర ప్రచారిణీ గ్రంథమాల ద్వారా బెంగాలీ నవలలను వరసగా తెలుగులోకి తెచ్చారు. ఆ రోజుల్లో అలా వచ్చిన అనువాదాల్లో బంకించంద్రుడి చారిత్రక నవలల పక్కనే నేర కథలూ ఉండేవి. చదివేవారు రెండింటినీ ఒకే ఆత్రంతో చదివారు. ఒకటి ఉత్తమం, మరొకటి కాలక్షేపం అని గీత గీయడం తర్వాతి కాలం పని.

చవక పుస్తకానికి గిరాకీ ఉందని గట్టిగా రుజువు చేసింది కొవ్వలి లక్ష్మీనరసింహారావు. వెయ్యి నవలల రచయితగా ఆయన ప్రసిద్ధుడు. ఆయనవి ప్రధానంగా కుటుంబ, సాంఘిక నవలలు. అయితే అణా బేడలకు పుస్తకం కొని, ప్రయాణంలో ఒక్క బిగిన చదివేసే అలవాటు ఆయన వల్లా, జంపన చంద్రశేఖరరావు వల్లా పెరిగింది. డిటెక్టివ్ నవల వచ్చేసరికి దాని పాఠకుడు అప్పటికే సిద్ధంగా ఉన్నాడు.

కొమ్మూరి, యుగంధర్

తెలుగు డిటెక్టివ్ నవలకు స్థిరమైన రూపం ఇచ్చినవాడు కొమ్మూరి సాంబశివరావు (1926–1994). ఆయన చలానికి తమ్ముడి కొడుకు, కొడవటిగంటి కుటుంబరావుకు బావమరిది. ఆధునిక తెలుగు వచనాన్ని మలుపు తిప్పిన ఇద్దరికి ఇంత దగ్గరి మనిషి డిటెక్టివ్ నవలను వృత్తిగా ఎంచుకున్నాడు. దాన్ని చిన్నచూపు చూడకుండా రాశాడు. ఈ సంగతి అందరికీ తెలియాల్సినంతగా తెలియలేదు.

1950ల రెండో సగంలో వచ్చిన ‘ఉరితాడు’తో మొదలుపెట్టి ఆయన పదుల సంఖ్యలో డిటెక్టివ్ నవలలు రాశాడు. ‘చావు కేక’, ‘లక్షాధికారి హత్య’ వంటి పేర్లు వినగానే ఆనాటి పాఠకులకు అట్ట మీది బొమ్మతో సహా గుర్తొస్తాయి. ఈ నవలల్లో డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు, ఇన్‌స్పెక్టర్ స్వరాజ్యరావు మళ్లీ మళ్లీ కనిపిస్తారు. యుగంధర్ ఆలోచిస్తాడు, రాజు వెంటాడతాడు, స్వరాజ్యరావు అరెస్టు చేస్తాడు. పని ఇలా పంచుకోవడం వల్ల పాఠకుడికి ఎవరి నుంచి ఏమి ఆశించాలో ముందే తెలుసు. తెలియనిది హంతకుడి పేరు ఒక్కటే. ఆ ఒక్క ప్రశ్న మీదనే ఆయన నవలంతా నిలబెట్టేవాడు.

కొమ్మూరి బలం వాక్యంలో ఉంది. వర్ణన తక్కువ, సంభాషణ ఎక్కువ. టెలిఫోన్ మోగడంతోనో తలుపు తట్టడంతోనో కథ మొదలవుతుంది. మనిషి లోపలికి వచ్చి కూర్చునేలోపే సమస్య బయట పడుతుంది. గ్రాంథికం ఛాయలు ఇంకా పోని రోజుల్లో ఇంత తేలిక వాడుక భాష, అదీ అంత చవక పుస్తకంలో, లక్షణంగా అచ్చయింది. స్కూలు చదువు మధ్యలో ఆగిపోయినవాడు కూడా తడుముకోకుండా చదవగలిగాడు. తెలుగు చదివే అలవాటును పెంచడంలో ఈ వచనం చేసిన మేలు పాఠ్యపుస్తకాలు చేసినదానికి తీసిపోదు.

కొమ్మూరికి ముందూ వెనకా టెంపోరావు, విశ్వప్రసాద్, గిరిజశ్రీ భగవాన్ వంటి వారు విరివిగా రాశారు. కవిగా, పరిశోధకుడిగా పేరున్న ఆరుద్ర సైతం ‘పలకల వెండి గ్లాసు’ రాశాడు. ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం’ కూర్చిన చేయే ఈ నవలా రాసిందంటే, అప్పటి రచయితలకు దీని పట్ల సంకోచం లేదని అర్థమవుతుంది.

అద్దె పుస్తకాల షాపు

ఈ నవలలు ఎక్కువమందికి చేరింది కొనుగోలు ద్వారా కాదు, అద్దె ద్వారా. బజారు వీధిలో కిళ్లీ కొట్టంత చోటు, మూడు పక్కలా చెక్క అరలు, ముందు ఒక బల్ల. న్యూస్‌ప్రింట్ మీద అచ్చయిన పుస్తకం పదిమంది చేతులు మారితే విడిపోతుందని షాపతను వచ్చిన రోజే దబ్బనంతో కుట్టేవాడు. పైన దళసరి అట్ట వేసి, వీపు మీద నంబరు రాసేవాడు. కొంత డిపాజిట్ కడితే పుస్తకం ఇంటికి ఇచ్చేవాడు. అద్దె రోజు లెక్కన, కాబట్టి రాత్రికి రాత్రే చదివేయాలి. డిటెక్టివ్ నవల ఏకబిగిన చదివించేలా ఉండటానికి రచయిత నేర్పు ఎంత కారణమో, రోజు అద్దె కూడా కొంత కారణం.

కొత్తగా ఏం వచ్చింది, ఏది బాగుంది అని అడిగితే షాపతను చెప్పే మాటే ఆ నవలకు సమీక్ష. ఎవరు ఏ పుస్తకం తీసుకెళ్లారో, ఎంత త్వరగా తిరిగి ఇచ్చారో అతని ఖాతా పుస్తకంలో ఉండేది. మర్నాడు పొద్దున్నే తిరిగొచ్చిన పుస్తకం బాగున్నట్టు. వారం దాటినా రానిది విసుగు పుట్టించినట్టు, లేదా ఎవరో నొక్కేసినట్టు. మనిషి రుచి తెలిసి పుస్తకం అందించే ఈ పద్ధతిని మించిన సిఫారసు ఇప్పటి పుస్తకాల యాప్‌లలోనూ లేదు. ఇందులో ఒక మర్యాద కూడా ఏర్పడింది: కథ ఎంతైనా చెప్పవచ్చు, హంతకుడి పేరు మాత్రం చెప్పకూడదు. దాన్ని తప్పి, మొదటి పేజీలోనే పెన్సిలుతో హంతకుడి పేరు రాసిపెట్టే ఆకతాయిలు ప్రతి ఊళ్లోనూ ఉండేవారు. చివరి పేజీ చిరిగిపోయిన పుస్తకానిది ఇంకో బాధ. ముగింపు తెలిసిన మరో పాఠకుణ్ణి వెతుక్కుంటూ వెళ్లాల్సి వచ్చేది.

షాడో

1970ల నుంచి గిరాకీ హత్యా పరిశోధన మీంచి సాహసం మీదికి మళ్లింది. జేమ్స్‌బాండ్ సినిమాలు, 1966లో కృష్ణ నటించిన ‘గూఢచారి 116’ ఆ దారి వేశాయి. మధుబాబు సృష్టించిన సీక్రెట్ ఏజెంట్ షాడో ఆ దారిలో అందరికన్నా ముందుకు వెళ్లాడు. చీఫ్ కులకర్ణి పిలుపు, దేశం దాటే ప్రయాణం, తోడుగా శ్రీకర్, ముఖేష్, మధ్యలో నవ్వించే గంగారాం: ఈ బృందం తెలుగు కుర్రాళ్లకు ఇంట్లో మనుషులంత పరిచయం. ఇక్కడ హంతకుడెవరన్న ప్రశ్న లేదు. షాడో ఈ చిక్కులోంచి ఎలా బయటపడతాడన్నదే ప్రశ్న. కొమ్మూరిని చదివేటప్పుడు పాఠకుడు యుగంధర్‌తో పోటీ పడి ఆలోచిస్తాడు. మధుబాబును చదివేటప్పుడు షాడో వెంట పరుగెత్తుతాడు. రెండూ వేర్వేరు సుఖాలు. ఒకటి నచ్చినవారికి రెండోది తప్పక నచ్చుతుందని చెప్పలేం.

వారపత్రికల కాలం

1980ల్లో కేంద్రం పాకెట్ బుక్ నుంచి వారపత్రికకు మారింది. చార్టర్డ్ అకౌంటెంట్ అయిన యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చినప్పుడు, పత్రిక కోసం జనం వారం వారం కాచుకున్నారు. ఒక పసిపిల్ల మీద చేతబడి జరిగిందన్న కథ అది. ఇంగ్లండులో రోనాల్డ్ నాక్స్ 1929లో డిటెక్టివ్ కథకు పది నియమాలు పెట్టాడు. నేరస్థుడు కథ మొదట్లోనే కనబడాలని ఒకటి, అతీంద్రియ శక్తులకు చోటు ఉండకూడదని మరొకటి. కొమ్మూరి నవలలు ఈ నియమాలకు దగ్గరగా ఉంటాయి. ‘తులసిదళం’ రెండో నియమాన్ని కావాలనే దాటింది. మంత్రానికీ మనస్తత్వ శాస్త్రానికీ మధ్య పాఠకుణ్ణి ఊగిసలాడించింది. మూఢనమ్మకాలు పెంచుతున్నారని విమర్శకులు మండిపడ్డారు. ఈ తరహా రచనలకు ‘క్షుద్ర సాహిత్యం’ అన్న ముద్ర పడింది. ఆ విమర్శలో న్యాయం ఉంది. చేతబడి నెపంతో మనుషులను చంపిన ఊళ్లున్న దేశంలో ఆ కథావస్తువు బాధ్యత కోరుతుంది. అయితే యండమూరి కథ నడిపే తీరులోని బిగువు, ప్రతి వారం ఎక్కడ ఆపాలో తెలిసిన నేర్పు తర్వాతి రచయితలందరికీ పాఠమయ్యాయన్నదీ కాదనలేం. ఆయన ‘అభిలాష’ ఇంకో రకం. ఉరిశిక్ష రద్దు కావాలనుకునే ఒక లాయరు, తానే హత్యానేరంలో ఇరుక్కునే పథకం వేసుకుంటాడు. వాదన కోసం రాసిన థ్రిల్లర్ అది, ఆయన నవలల్లో ఇప్పటికీ నిలిచేదీ అదే. 1983లో చిరంజీవితో అది సినిమాగా వచ్చింది.

మల్లాది వెంకట కృష్ణమూర్తి డిటెక్టివ్ నవలకు హాస్యం జోడించాడు. ఆయన ‘చంటబ్బాయ్’ను 1986లో జంధ్యాల తెరకెక్కించాడు. అందులో జేమ్స్ పాండ్‌నని చెప్పుకు తిరిగే పాండురంగారావు, పాతికేళ్లుగా యుగంధర్‌ను చదివి పెరిగిన ప్రేక్షకులుంటేనే పుట్టగల పాత్ర. మల్లాదిదే ‘శనివారం నాది’ పూర్తిగా వేరే స్వభావం గల సస్పెన్స్ నవల. సూర్యదేవర రామ్మోహనరావు, కొమ్మనాపల్లి గణపతిరావు, మైనంపాటి భాస్కర్ ఈ కాలంలోనే విరివిగా రాశారు.

1995లో ఈటీవీ, జెమినీ వచ్చాక సీరియల్ పత్రికలోంచి టీవీలోకి వెళ్లిపోయింది. కొన్నేళ్లలోనే అద్దె షాపులు వీడియో క్యాసెట్లు, ఆపైన సీడీలు పెట్టుకున్నాయి, లేదా మూతబడ్డాయి. డిటెక్టివ్ కథ చచ్చిపోలేదు, సినిమాలో బతికింది. వంశీ ‘అన్వేషణ’ (1985) ముందే ఆ సత్తా చూపింది. నెల్లూరు నేపథ్యంగా 2019లో వచ్చిన ‘ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ’ మళ్లీ కొత్త తరాన్ని ఆ రుచికి అలవాటు చేసింది.

సిఫారసు, విమర్శ

డిటెక్టివ్ నవలను ఎలా విలువ కట్టాలన్న చర్చ తెలుగులో పత్రికా సమీక్షల్లో అంతగా జరగలేదు. మాలతీ చందూర్ స్వాతి మాసపత్రికలో ‘పాత కెరటాలు’ శీర్షికతో ఇంగ్లీషు నవలలను ఏళ్ల తరబడి పరిచయం చేసి ఎందరినో చదువరులను చేశారు. తెలుగు డిటెక్టివ్ నవలకు అలాంటి పరిచయకర్త దొరకలేదు. నోటి మాటే మిగిలింది. ఆ నోటి మాటలో తేలిన కొలతలు మాత్రం గట్టివి. ఆధారాలన్నీ పాఠకుడి కళ్ల ముందే ఉంచి కూడా మోసపుచ్చగలిగాడా? ముగింపు తెలిశాక రెండోసారి చదవబుద్ధి అవుతుందా? ఇంగ్లీషు నవల నుంచి ఎత్తిపోసిన కథయితే మన ఊరి మనుషుల్లా మాట్లాడించగలిగాడా? మూడో ప్రశ్న దగ్గర చాలా పుస్తకాలు తేలిపోయాయి. పేర్లు మార్చి, కోటు తీయించి, సంభాషణ మాత్రం లండన్‌లోనే వదిలేసిన నవలలు అప్పట్లో కొల్లలు. కొమ్మూరి నిలబడింది ఆ మూడో ప్రశ్న దగ్గరే.

కొత్తగా చదవబోయేవారు ‘ఉరితాడు’తో మొదలుపెట్టి, పరుగు కావాలంటే షాడోకూ, ఆలోచన కావాలంటే ‘అభిలాష’కూ వెళ్లడం మేలు. భయం ఇష్టమైనవారికి ‘తులసిదళం’ ఉంది, అయితే పిల్లల చేతికి ఇవ్వదగ్గది కాదు.

పుస్తకాల పరిస్థితి

కొమ్మూరి, మధుబాబు నవలలు కొన్ని మళ్లీ అచ్చయ్యాయి. కొన్ని కినిగె వంటి ఈ-పుస్తకాల దుకాణాల ద్వారా విదేశాల్లోని తెలుగువారికీ అందాయి. టెంపోరావు, విశ్వప్రసాద్ తరం పుస్తకాల సంగతి వేరు. న్యూస్‌ప్రింట్ కావడంతో అవి ముట్టుకుంటే పొడి అవుతున్నాయి. అద్దె షాపుల సరుకు చాలావరకు తూకానికి పోయింది. హైదరాబాద్‌లో ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద, విజయవాడ ఏలూరు రోడ్డులో పాత పుస్తకాల కొట్లలో అప్పుడప్పుడూ ఒకటీ అరా కనబడతాయి. ఇళ్లలో, అటకల మీద, ట్రంకు పెట్టెల్లో ఇలాంటివి ఉన్నవారు వాటిని పాత పేపర్ల వాడికి వేయవద్దు. అట్టతో, ప్రచురణ వివరాల పేజీతో సహా స్కాన్ చేయించి ఏదైనా డిజిటల్ గ్రంథాలయానికి అందజేయాలి. చివరి పేజీ ఉందో లేదో కూడా చూసుకోవాలి.