ముందు నుయ్యా, వెనక గొయ్యా?

వందల ఏళ్ళు బతికించే మందు ఇస్తామంటారు. కాకపోతే ఈడొచ్చేటప్పటికి ఒక పరీక్ష ఉంటుంది. అందులో తప్పిన పిల్లల్ని ఒక గదిలోకి పంపుతారు, అక్కడ మత్తులో నవ్వుకుంటూ నవ్వుకుంటూ ప్రాణం పోతుంది. ఆ పరీక్షా వద్దు, ఆ మందూ వద్దు అనుకుంటే అందరిలాగా డెబ్బయ్యో ఎనభయ్యో. ఏది కావాలి?

ఈ తిరకాసు ‘నార్‌స్ట్రీలియా’ అనే నవలలోది. రాసిన కార్డ్‌వెయినర్ స్మిత్ అసలు పేరు పాల్ లైన్‌బార్గర్. అమెరికా సైన్యంలో శత్రువు మనసు మీద జరిపే యుద్ధంలో ఆరితేరినవాడు, ఆసియా రాజకీయాలు చెప్పిన ప్రొఫెసరు. 1957లో కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీలో కొన్నాళ్ళు ఉన్నాడు. ఆ దేశం మీద మనసు పడి, ‘ఓల్డ్ నార్త్ ఆస్ట్రేలియా’ అన్న పేరు వేల ఏళ్ళు జనం నోళ్ళలో నలిగి కురచైపోయిన గ్రహాన్ని ఊహించాడు. అక్కడ జబ్బుచేసిన గొర్రెలుంటాయి, ఒక్కొక్కటీ కొండంత. వాటి జబ్బులోంచే ఆయుష్షు పెంచే మందు పుడుతుంది. విశ్వంలో ఆ గ్రహంవాళ్ళని మించిన డబ్బున్నవాళ్ళు లేరు. అయినా బయటి సరుకు మీద ఎంత సుంకం వేస్తారంటే, కోటీశ్వరుడు కూడా తాతల నాటి రేకుల కొట్టంలోనే కాపురం చేస్తాడు. నవల మొదట 1964లోనూ 1968లోనూ రెండు ముక్కలుగా వచ్చింది, 1975లో గానీ ఒక్క పుస్తకం కాలేదు.

సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ చదివేవాళ్ళు నలుగురు కూడితే మొదలయ్యే ‘ఇదా, అదా’ ఆటకి ఇంతకంటే మంచి నమూనా దొరకదు. రెక్కలు కావాలా, మాయమైపోయే శక్తి కావాలా? హాబిట్ల గూట్లో ఉంటావా, ఎల్ఫుల కొండకోనలో ఉంటావా? అడిగేది కాలక్షేపానికే గానీ నియమం మాత్రం కఠినం: ‘రెండూ వద్దు’ అనడానికి లేదు. మనకి ఈ ఆట కొత్తేం కాదు. చందమామలో బేతాళుడు నెలనెలా ఆడించింది ఇదే. తెలిసి కూడా విక్రమార్కుడు నోరు మెదపకపోతే తల పగులుతుంది, మెదిపితే శవం మళ్ళీ చెట్టెక్కుతుంది. పన్నెండు, పదమూడు శతాబ్దాల ఫ్రాన్సులోనూ కవులు ఇలాగే పందెం వేసుకునేవారు. ఒకడు రెండు దారులు చూపించి ప్రశ్న వేస్తే రెండోవాడు ఒకటి ఎంచుకోవాలి. మిగిలిన దాన్ని అడిగినవాడే వెనకేసుకొచ్చి పాడాలి, అది వాడికి నచ్చినా నచ్చకపోయినా.

ఆస్ట్రేలియా పాఠకులకి మాత్రం ఈ ఎంపిక ఆట కాకముందే ఇబ్బంది అయింది.

1939లో సిడ్నీలో బడి వయసు దాటీ దాటని కుర్రాళ్ళు కొందరు ‘ఫ్యూచూరియన్ సొసైటీ’ పెట్టుకున్నారు. సభ్యత్వాలు, తీర్మానాలు, బహిష్కరణలు, అలిగి విడిపోవడాలు, మళ్ళీ కలవడాలు... వాళ్ళలో ఒకడైన వోల్ మోల్స్‌వర్త్ తర్వాత రాసిన చరిత్ర చదివితే అంతరిక్షం కంటే అంతఃకలహాలే ఎక్కువ కనిపిస్తాయి. సంఘం పుట్టిన మరుసటేడే పిడుగు పడింది. యుద్ధం నడుస్తోంది, డాలర్లు పొదుపు చెయ్యాలి. 1940లో ప్రభుత్వం అమెరికా పత్రికల దిగుమతి ఆపేసింది. యుద్ధం అయిపోయినా ఆంక్ష పోలేదు. 1950ల చివరిదాకా, దాదాపు ఇరవై ఏళ్ళు, ‘అస్టౌండింగ్’ లాంటి పత్రిక అంగట్లో మామూలుగా దొరకలేదు. పాత ప్రతులే చేతులు మారాయి. ఉన్న ఒక్క సంచిక ఇచ్చి చదవని సంచిక తెచ్చుకోవాలా, ఉన్నదాన్నే మళ్ళీ మళ్ళీ చదువుకోవాలా? స్మిత్ తన గ్రహానికి సుంకాలు ఊహించే నాటికే సిడ్నీ కుర్రాళ్ళు ఆ గ్రహం మీద బతుకుతున్నారు, గొర్రెల సొమ్ము ఒక్కటే తక్కువ.

ఆ కరువులో 1950లో ‘థ్రిల్స్ ఇన్‌కార్పొరేటెడ్’ అని స్థానిక పత్రిక ఒకటి వచ్చింది. అందులో కొన్ని కథలు అమెరికా పత్రికల్లోంచి ఎత్తుకొచ్చి పేర్లు మార్చినవి. అసలు పత్రికలు దేశంలోకి రానప్పుడు దొంగతనం పట్టుకునేదెవరు? పట్టుకున్నారు. పాత ప్రతులు భద్రంగా దాచుకున్న ఆ పాఠకులే. 1952కి పత్రిక మూతపడింది. ఆ ఏడాదే సిడ్నీలో దేశంలోని మొదటి సైన్స్ ఫిక్షన్ సమావేశం జరిగింది, మెల్‌బోర్న్‌లో ఒక బృందం పుట్టింది.

మెల్‌బోర్న్ కథ సిడ్నీ అంత రభస కాదు. దానికి ఇరుసు మెర్వ్ బిన్స్ అనే పుస్తకాల కొట్టు ఉద్యోగి. పెద్ద పోస్టాఫీసు ఎదురుగా ఉన్న మెక్‌గిల్స్ అనే పత్రికల దుకాణంలో పనిచేసేవాడు. క్లబ్బు కొన్నేళ్ళు సోమర్సెట్ ప్లేస్ అనే సందులో, ఒక పాత గోదాము పైన నడిచింది. పైకెళ్ళడానికి నీటి ఒత్తిడితో నడిచే పాతకాలపు లిఫ్టు ఉండేది, ఆ తరం జ్ఞాపకాల్లో పుస్తకాల కంటే ఆ లిఫ్టే ముందొస్తుంది. భవిష్యత్తు గురించి మాట్లాడుకోవడానికి గతంలోంచి పైకెక్కడమన్నమాట. క్లబ్బు వ్యవస్థాపక సభ్యుల్లో ఒకడైన రేస్ మాథ్యూస్ తర్వాత రాజకీయాల్లోకి వెళ్ళి విక్టోరియా రాష్ట్రంలో పోలీసు శాఖ మంత్రి అయ్యాడు. బిన్స్ 1971లో స్వాన్‌స్టన్ వీధిలో ‘స్పేస్ ఏజ్ బుక్స్’ తెరిచాడు. 1985లో మూసే దాకా ఊరి పాఠకులకి అది రచ్చబండ.

దూరాభారం ఎక్కువైన దేశంలో రచ్చబండ దగ్గరికి అందరూ రాలేరు. అందుకే 1968లో లీ ఎడ్మండ్స్ ‘ఆంజపా’ మొదలుపెట్టాడు. పద్ధతి తేలికే: ప్రతి సభ్యుడూ తన నాలుగు పేజీలూ రాసి, అందరికీ సరిపడా ప్రతులు తీసి ఒకరికి పంపుతాడు, ఆయన అన్నిటినీ కట్టగట్టి తిరిగి అందరికీ పోస్టు చేస్తాడు. కట్ట రెండు నెలలకొకటి. ఫిబ్రవరి కట్టలో ప్రశ్న వేస్తే ఏప్రిల్ కట్టలో జవాబులు, జూన్‌లో ఆ జవాబుల మీద పేచీలు. చదరంగం ఉత్తరాల్లో ఆడినట్టే. ఆలోచించుకోవడానికి రెండు నెలలు గడువిచ్చిన బేతాళుడు ఇంకెక్కడా ఉండడు. ఆ కట్ట ఇప్పటికీ ఆగలేదు.

1975 ఆగస్టులో ప్రపంచ సైన్స్ ఫిక్షన్ సమావేశం మొదటిసారి దక్షిణార్ధగోళానికి, మెల్‌బోర్న్‌కి వచ్చింది. ముఖ్య అతిథి ఉర్సులా కె. లగ్విన్. ఆవిడ ‘డిస్‌పొసెస్డ్’ నవలకి, ఈ సమావేశాల సభ్యుల ఓట్లతో ఇచ్చే హ్యూగో బహుమతి ప్రకటించింది అక్కడే. ఆ నవల మొత్తం ఒకే ఒక్క ‘ఇదా, అదా’. అనారెస్ మీద యజమాని లేడు, జైలు లేదు, డబ్బు లేదు. పచ్చగడ్డి కూడా లేదు, కరువొస్తే అందరికీ సమానంగా ఆకలి. పక్కనే ఉర్రాస్, పచ్చగా, వైభవంగా, కాళ్ళ కింద పేదల్ని తొక్కుతూ. ఏది మేలో రచయిత్రి తేల్చదు. రెండేళ్ళ ముందు అచ్చయిన ఆవిడ ‘ఒమెలాస్’ కథ ఇంకా నిర్దయ: ఊరంతా సుఖంగా ఉంటుంది, ఒక్క పసివాణ్ణి చీకటి గదిలో హింసిస్తున్నంత కాలం. ఉంటావా, వెళ్ళిపోతావా? రెక్కలా, మాయమవడమా అన్న ప్రశ్నకీ దీనికీ తేడా బరువులోనే, కట్టుబడి ఒక్కటే. రెండు పక్కలా ధర కట్టకపోతే అది ప్రశ్నే కాదు, బేరం.

ఆ సందర్భంలోనే లగ్విన్ ఆస్ట్రేలియా రచయితలకి వర్క్‌షాపు నడిపింది. అందులో పుట్టిన రచనల్ని లీ హార్డింగ్ పుస్తకంగా కూర్చాడు. దాన్ని 1976లో అచ్చువేసింది బ్రూస్ గిలెస్పీ, అతని మిత్రులు పెట్టిన చిన్న ప్రచురణ సంస్థ. దాని పేరు నార్‌స్ట్రీలియా ప్రెస్.

ఈ ఆటని అన్నిటికంటే ఇరుకున పెట్టినవాడు పెర్త్ రచయిత గ్రెగ్ ఈగన్. 1990లో వచ్చిన ఒక కథలో అందరి పుర్రెలోనూ చిన్నతనంలోనే ఒక మణి పెడతారు. అది మెదడు చేసే ప్రతి పనినీ చూసి నేర్చుకుంటుంది. ముప్పై ఏళ్ళ ప్రాంతంలో మెదడు తీసేసి మణికి పగ్గాలిస్తారు. ఇక ముసలితనం రాదు, మతిమరుపు రాదు. చేయించుకున్న వాళ్ళంతా బ్రహ్మాండంగా ఉందంటారు. అలా అంటున్నది మనిషా, మణా? ఇక్కడ రెండు దారులూ ఎదురుగానే ఉన్నాయి. నడిచేవాడు ఎవడన్నదే తేలదు. 1999లో ప్రపంచ సమావేశం మళ్ళీ మెల్‌బోర్న్‌కి వచ్చినప్పుడు ఈగన్ పెద్ద కథ ‘ఓషనిక్’కి హ్యూగో వచ్చింది.

హ్యూగో ఓటు వేసే తీరు కూడా చూడదగ్గదే. ఒక్క పేరు ముందు టిక్కు పెడితే సరిపోదు. మొదటిది, రెండోది, మూడోది అని వరస రాయాలి. సమావేశాల జనం కొందరు దాన్ని ‘ఆస్ట్రేలియా పద్ధతి’ అనే పిలుస్తారు. అక్కడ పార్లమెంటు దిగువ సభకి 1918 నుంచీ ఎన్నికలు ఇలాగే. గిట్టని అభ్యర్థికి కూడా ఎదురుగా అంకె వెయ్యాల్సిందే, లేకపోతే ఓటు చెల్లదు. ‘రెండూ వద్దు’ అనకూడదన్న ఆట నియమాన్ని చట్టంలోకి ఎక్కించిన దేశమది. ఈ విషయంలో హ్యూగోనే కాస్త ఉదారం: ‘ఎవరికీ వద్దు’ అన్నది కూడా వరసలో ఒక పేరుగా ఉంటుంది, మన నోటా మాదిరి.

2010లో ఆ పద్ధతి రెండు చోట్లా మొరాయించింది. ఆగస్టు 21న ఎన్నికలు జరిగితే 150 సీట్ల సభలో లేబర్‌కి 72, ప్రత్యర్థి కూటమికి 72. రెండు వారాలైనా ప్రభుత్వం లేదు. ఆ సందిగ్ధంలోనే మెల్‌బోర్న్‌లో నాలుగోసారి ప్రపంచ సమావేశం. సెప్టెంబరు 5 రాత్రి ఉత్తమ నవల కవరు విప్పితే పేర్లు రెండు: తిండిగింజల మీద కంపెనీల పెత్తనం నడిచే రేపటి బ్యాంకాక్ గురించి పావ్‌లో బాచిగలూపి రాసిన ‘విండప్ గర్ల్’, ఒకే చోట రెండు నగరాలుండి పక్కవాణ్ణి చూసీ చూడనట్టు బతకాల్సిన జనం గురించి చైనా మియెవిల్ రాసిన ‘సిటీ అండ్ ద సిటీ’. అంకెలన్నీ లెక్కపెట్టాక ఇద్దరూ సమానం. నవలలకి ఇలా కావడం అంతకు ముందు రెండుసార్లే, 1966లో ఒకసారి, 1993లో ఒకసారి. ఇద్దరికీ చెరో బహుమతి ఇచ్చి సభ ముగించారు.

ప్రభుత్వాన్ని అలా చెరొకటి ఇవ్వడానికి లేదు. రెండు రోజుల తర్వాత, సెప్టెంబరు 7న, తూకం చేతిలో ఉన్న స్వతంత్ర సభ్యుడు రాబ్ ఓక్‌షాట్ కాన్‌బెర్రాలో మైకు ముందుకొచ్చాడు. ఎవరి వైపో చెప్పడానికి ముందు పదిహేడు నిమిషాలు మాట్లాడాడు.