ఉప్పుచేపకు ఉప్పు కరువైన రోజులు

విందులలో అసలు భోజనానికి ముందు ఆకలి పుట్టించే చిరుతిండి వడ్డించటం చాలా దేశాలలో ఆచారం. ఇంగ్లాండు, అమెరికాలలో ఇందుకు తరచుగా వాడే పదార్థం బేకన్, అనగా ఉప్పులో ఊరవేసిన పందిమాంసం. దాన్ని పలచని పట్టీలుగా కోసి, పంచదార చల్లి కాలిస్తే తీపీ ఉప్పూ కలిసిన రుచి వస్తుంది. నెల్లూరు తీరంలో ఈ మర్యాద ఉప్పుచేపది. ముద్దపప్పుతోనో పప్పుచారుతోనో అన్నం తినేటప్పుడు వేయించిన ఉప్పుచేప ముక్క నంజుకోవటానికి ఉంటే మరో కూర అక్కరలేదు.

బేకన్‌నూ ఉప్పుచేపనూ చెడకుండా నిలిపే రసాయన సూత్రం ఒకటే. అయినా ఒకటి తీపి కలిసిన మెత్తని సరుకుగానూ, మరొకటి చెక్కలా బిగిసిన ఉప్పటి సరుకుగానూ ఎందుకు తయారైనాయి? దీనికి సగం సమాధానం శీతోష్ణస్థితిలో ఉన్నది. మిగిలిన సగం పన్నుల చరిత్రలో ఉన్నది.

చేప బరువులో సుమారు మూడు వంతులు నీరే. కుళ్లు పుట్టించే సూక్ష్మజీవులకు ఆ నీరే ఆధారం. ఉప్పు పట్టించినప్పుడు ద్రవాభిసరణ వలన కండలోని నీరు బయటికి వస్తుంది, ఉప్పు లోపలికి పోతుంది. లోపల మిగిలిన నీరు కూడా ఉప్పుతో కట్టుబడి ఉంటుంది కనుక సూక్ష్మజీవులకు అందదు. ఇలా అందుబాటులో ఉండే నీటిని శాస్త్రజ్ఞులు 'జలక్రియాశీలత' అనే అంకెతో కొలుస్తారు. శుద్ధజలానికి అది 1. సంతృప్త ఉప్పు ద్రావణానికి 0.75. కుళ్లించే బాక్టీరియాలలో చాలా భాగం 0.9 కంటే దిగువన పెరగలేవు.

పంచదార కూడా ఇదే పని చేస్తుంది కాని బహు బలహీనంగా. 58.5 గ్రాముల సోడియం క్లోరైడు నీటిలో రెండు మోలుల అయానులనిస్తుంది. ఒక మోలు పంచదార అణువులు కావాలంటే 342 గ్రాములు వేయాలి. ఆ లెక్కన గ్రాముకు గ్రాము పోల్చితే ఉప్పు బలం పంచదార కంటే దాదాపు పన్నెండు రెట్లు. తరగతిలో దీన్ని సులభంగా చూపవచ్చు. సమానమైన రెండు దోసకాయ ముక్కలు తీసుకొని, ఒకదానిమీద అయిదు గ్రాముల ఉప్పు, రెండవదానిమీద అయిదు గ్రాముల పంచదార చల్లి, అరగంట తరువాత కారిన నీటిని కొలిస్తే తేడా తెలుస్తుంది. కనుక బేకన్‌లో పంచదార నిలువకోసం వేసేది కాదు. అది ఉప్పు ఘాటును తగ్గిస్తుంది, పెనంమీద రంగునూ కమ్మని వాసననూ ఇస్తుంది.

మరి ఉప్పు తగ్గించి తీపి చేర్చిన మాంసం కుళ్లకుండా ఎలా నిలిచింది? చలివలన. పూర్వం ఇంగ్లాండులో కూడా బేకన్ శీతకాలంలోనే తయారయ్యేది, అదీ మిక్కిలి ఉప్పగా ఉండేది. 19వ శతాబ్ది మధ్యలో విల్ట్‌షైర్ ప్రాంతంలోని కాన్ పట్టణంలో హారిస్ కుటుంబంవారు మంచుతో చల్లబరచిన గదులలో మాంసాన్ని ఊరవేయటం మొదలుపెట్టారు. దానితో ఏడాది పొడుగునా పని సాగింది, ఉప్పు పాలూ తగ్గింది. తీపి బేకన్ మంచుగదుల బిడ్డ అనటం అతిశయోక్తి కాదు.

బేకన్ ఎర్రదనం వెనుక మన దేశపు మట్టి కూడా కొంత ఉన్నది. ఊరవేసే ఉప్పులో సురేకారం కలపటం పాత అలవాటు. 17, 18 శతాబ్దాలలో బీహారు మట్టినుంచి తీసిన సురేకారాన్ని ఈస్టిండియా కంపెనీ ఓడలకెత్తి ఇంగ్లాండుకు పంపేది. అందులో ఎక్కువ పాలు తుపాకిమందుకే పోయినా, మాంసపు తొట్లకూ కొంత చేరేది. సురేకారంలోని నైట్రేటు బాక్టీరియా వలన నైట్రైటుగా మారి, మాంసపు రంగుపదార్థంతో కలిసి ఆ ఎరుపును ఇస్తుంది. ఈ రంగు రసాయనాన్ని 1901లో జాన్ స్కాట్ హాల్డేన్ వివరించాడు. మన రాష్ట్రంలో 1960లలో కృష్ణా జిల్లా గన్నవరంలో ప్రభుత్వం పందుల పెంపక కేంద్రంతోపాటు బేకన్ కర్మాగారాన్ని నెలకొల్పింది. ఇలాంటి కర్మాగారంలో శీతలగది లేనిదే పని నడవదు.

నెల్లూరు తీరపు పట్టపువారికి శీతలగది ఎక్కడిది? మైపాడులోగాని, తుమ్మలపెంటలోగాని వేసవిలో వల ఒడ్డుకు చేరిన కొద్ది గంటలకే చేప మెత్తబడటం మొదలవుతుంది. నెత్తళ్లవంటి చిన్న చేపను ఇసుకమీద పరచి, ఉప్పు లేకుండానే ఎండలో ఎండించవచ్చు. వంజరం, మాగ, సొర వంటి పెద్ద చేప అలా ఎండదు. పైన ఎండేలోగా లోపల కుళ్లుతుంది. దాన్ని చీల్చి, చేప బరువులో మూడవ వంతునుంచి అయిదవ వంతు దాకా ఉప్పు పట్టించాలి. ఈ పాలు రసాయనం నిర్ణయించినది. బీదవాడని దానిలో రాయితీ లేదు.

ఇస్కపల్లి ప్రాంతంలో ఉప్పుమళ్లు సముద్రపు పక్కనే ఉన్నవి. లీటరు సముద్రజలంలో సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. ఈశాన్య ఋతుపవనపు వానలు వెలిసిన తరువాత ఎండా గాలీ ఆ నీటిని మళ్లలో ఇగిర్చి ఉప్పు చేస్తాయి. ప్రకృతి ఇంత దగ్గరగా పెట్టిన రెండు వస్తువుల మధ్య ప్రభుత్వం గోడ కట్టింది. 1805లో ఈస్టిండియా కంపెనీ మద్రాసు రాజధానిలో ఉప్పును తన గుత్తసొత్తుగా చేసుకొన్నది. పండిన ఉప్పంతా సర్కారు కొఠార్లకు చేరాలి. తరువాతి కాలంలో ప్రైవేటువారిని తయారీకి అనుమతించినా పన్ను తప్పలేదు. చౌడుమట్టి గీరి ఉప్పు తీయటం కూడా నేరమైంది. ఇంగ్లాండులో ఉప్పుపన్ను ఉన్న రోజులలో సైతం చేపలకు వాడే ఉప్పుకు రాయితీ ఉండేది. ఆ పన్నును కూడా అక్కడ 1825లో పూర్తిగా ఎత్తివేశారు. తమ దేశంలో అన్యాయమని తోచినది ఇక్కడ మరి 122 ఏళ్లు సాగింది!

ఆ భారమెంతో లెక్క వేసి చూడవచ్చు. 1888నుంచి 1903వరకు పన్ను మణుగు ఉప్పుకు రెండున్నర రూపాయలు. ఇది 82 పౌన్ల సర్కారు మణుగు, మనవైపు వాడిన 25 పౌన్ల మద్రాసు మణుగు కాదు. మూడవ వంతు పాలున మూడు మణుగుల చేపకు ఒక మణుగు ఉప్పు కావాలి. అంటే చేప అమ్ముడుపోకముందే, ఉప్పు ధరకు పైన, రెండున్నర రూపాయలు సర్కారుకు చెల్లించాలి. అంత పెట్టలేనివాడు ఉప్పు తగ్గిస్తాడు, లేదా దొంగతనంగా చౌడుమట్టి పట్టిస్తాడు. ఉప్పు తగ్గితే జలక్రియాశీలత తగినంత దిగదు. చేప పైకి ఎండినట్లే కనిపించి లోపల కుళ్లుతుంది. అది సంతకు పోయి, మరొక బీదవాని కంచంలో పడుతుంది.

సైనిక వైద్యుడు, మత్స్యశాస్త్రజ్ఞుడు ఫ్రాన్సిస్ డే భారత, బర్మా దేశాల సముద్ర మత్స్యపరిశ్రమమీద 1873లో ప్రకటించిన నివేదికలో ఈ సంగతి బయటపెట్టాడు. ఉప్పుపన్ను చేపల నిలువను దెబ్బతీస్తున్నదనీ, ఊరవేయటానికి చవక ఉప్పు ఇవ్వాలనీ ఆయన వాదం. ఆ దరిమిలా మద్రాసు రాజధాని తీరాన చేపలు ఊరవేసే సర్కారు ఆవరణలు వెలిశాయి. జాలరి తన చేపను కంచె లోపలికి తెచ్చుకోవాలి. ఉప్పుశాఖ ఉద్యోగి చేపను తూచి, దానికి తగిన ఉప్పును పన్ను లేకుండా కొలిచి ఇస్తాడు. ఊరవేయటం అక్కడే, ఆయన కళ్లముందే జరగాలి. ఉప్పు గల్లు ఒక్కటీ కంచె దాటరాదు. ఏమీ లేనిదానికంటే ఇది మేలేనని ఒప్పుకోవాలి. అయితే వల ఎప్పుడు నిండుతుందో, పడవ ఎక్కడ ఒడ్డుకు వస్తుందో కచేరీ గడియారానికి తెలియదు. ఆవరణ దూరమైతే చేపను మోసుకుపోయేలోపలే ఎండ తన పని తాను చేసేది.

1905లో సర్ ఫ్రెడరిక్ నికల్సన్ మద్రాసు ప్రభుత్వం పక్షాన మత్స్యపరిశ్రమ పరిశోధనకు పూనుకొన్నాడు. ఆ కృషినుంచే 1907లో మత్స్యశాఖ పుట్టింది. ఉప్పు పట్టించే ముందు చేపను శుభ్రంగా కడగటం, పేగులు తీయటం వంటి చిన్న విషయాలు కూడా ఆ శాఖ శ్రద్ధగా పట్టించుకొన్నది. పన్ను మాత్రం తగ్గుతూ పెరుగుతూ నిలిచే ఉన్నది. 1907లో మణుగుకు రూపాయికి దిగి, 1923లో తిరిగి రెండున్నరకు ఎక్కి, మరుసటి సంవత్సరం రూపాయిపావలాకు వచ్చింది.

1930లో ఉప్పు సత్యాగ్రహం నెల్లూరు తీరానికి కూడా పాకింది. 1931 మార్చి 5నాటి గాంధీ-ఇర్విన్ ఒడంబడిక, ఉప్పు దొరికే గ్రామాలవారు ఇంటి వాడకానికీ ఊరిలో అమ్ముకోవటానికీ ఉప్పు సేకరించుకోవచ్చునన్నది. 1947 ఏప్రిల్ 1నుంచి పన్నే పోయింది. జాలరికీ ఉప్పుమడికీ నడుమ 142 ఏళ్లు నిలిచిన గోడ కూలింది.

ఉప్పు ధర సమస్య పోగానే ఉప్పు నాణ్యం సమస్య ముందుకు వచ్చింది. మడిలో ఉప్పునీటి గాఢత బోమే మానంమీద సుమారు 25 డిగ్రీలు చేరినప్పుడు సోడియం క్లోరైడు దిగటం మొదలవుతుంది. 29 డిగ్రీలు దాటినా నీరు వదలకపోతే చేదు మెగ్నీషియం లవణాలు కూడా దానితో చేరతాయి. అటువంటి ఉప్పు చేప కండలోకి మెల్లగా దిగుతుంది, కండను పెళుసుగా చేస్తుంది, వానాకాలంలో గాలిలోని తేమను పీల్చి చేపను చెమ్మగిల్లజేస్తుంది. ఉప్పుమళ్లను గులాబిరంగుకు తిప్పే ఒక జాతి సూక్ష్మజీవులు 0.75 దగ్గర కూడా హాయిగా బతుకుతాయి. ఉప్పుతోపాటు అవి చేపమీదికి వచ్చి దాన్ని ఎర్రబారుస్తాయి. ఎర్రబారిన చేపను కొనకపోవటం మంచిది.

ఉప్పుచేపను వండే ముందు ఇల్లాళ్లు పైనున్న గల్లును దులిపి, ముక్కలను నీళ్లలో నానవేసి, ఆ నీళ్లు పారబోసి మరల నీళ్లు పోస్తారు. కండలోని ఉప్పు గాఢత తక్కువైన నీటిలోకి వ్యాపిస్తుంది. రెండు మూడు నీళ్లు మార్చేసరికి, మూడవ వంతు పాలున పట్టించిన ఉప్పులో నాలుకకు తగినంత మాత్రమే మిగులుతుంది.