అకాటినెల్లా అపెక్స్‌ఫుల్వా

హవాయి దీవుల్లోని ఓహు మీద తప్ప భూమ్మీద మరెక్కడా లేని చెట్టునత్త ఇది. సుమారు 2 సెంటీమీటర్ల గుల్ల, దాని కొసన పసుపు ఛాయ. ఆకును కొరకదు, ఆకు మీద పేరుకున్న సన్నని బూజు పొరను గీరుకుని తినేది. గుడ్లు పెట్టక పిల్లనే కనేది, అదీ కాన్పుకు ఒకటే. ఆ పిల్ల ఈడుకు రావడానికి ఏళ్లు పట్టేది. బ్రిటిష్ నావికుడు జార్జ్ డిక్సన్ తనకు అందిన గుల్లల దండలోంచి దీన్ని 1789లో లోకానికి పరిచయం చేశాడు. 750కి పైగా ఉన్న హవాయి నేలనత్తల్లో శాస్త్ర గ్రంథాలకెక్కిన మొదటిది ఇదే.

ఇంత నిదానంగా పెరిగే జీవి ఎప్పటికైనా పోవలసిందేనని కొందరంటారు. ఆ మాట నిలవదు. నత్తల్ని వెంటాడి తినే నత్త లేని దీవిలో ఆ నిదానమే దీనికి యుగాల తరబడి సరిపోయింది. లెక్క తప్పించింది మనుషులే. 1936లో హవాయి చేరిన ఆఫ్రికా పెద్దనత్త తోటల మీద పడితే, దాన్ని అణచడానికి 1955లో ఫ్లోరిడా నుంచి యూగ్లాండినా రోజియా అనే వేటనత్తను తెచ్చి వదిలారు. అది జిగురు జాడ పట్టి నడుస్తుంది, చెట్లెక్కుతుంది, చిన్న నత్త దొరికితే గుల్లతో సహా మింగేస్తుంది. దానికి ఆఫ్రికా నత్త, ఓహు నత్త అన్న తేడా లేదు. తీరా చూస్తే ఆఫ్రికా నత్త హవాయిలో ఇప్పటికీ ఉంది.

అప్పటికే అడవులు నరికారు కదా, ఎలుకలు వచ్చాయి కదా, 19వ శతాబ్దంలో గుల్లలు ఏరేవాళ్లు వేలకు వేలు పట్టుకుపోయారు కదా అని అడగవచ్చు. నిజమే, ఆ దెబ్బలన్నీ తగిలాయి. కానీ తాహితీ పక్కనున్న మూరెయా దీవిని చూస్తే వేటనత్త పాలు ఎంతో తేటతెల్లమవుతుంది. అక్కడా ఎలుకలు శతాబ్దాలుగా ఉన్నాయి, అయినా పార్టులా అనే స్థానిక నత్తలు బతికాయి. 1977లో ఇదే వేటనత్తను అక్కడ వదిలారు. పదేళ్లు తిరిగేసరికి ఆ దీవి అడవుల్లో పార్టులాలు దాదాపు లేకుండా పోయాయి.

అమెరికా ప్రభుత్వం 1981లో అకాటినెల్లా జాతులన్నిటినీ ప్రమాదంలో ఉన్నవాటిగా ప్రకటించింది. చాలా ఆలస్యమైంది. 1997లో అడవిలో చివరగా దొరికిన పదింటిని హవాయి విశ్వవిద్యాలయ ప్రయోగశాలకు తెచ్చారు. పిల్లలు పుట్టాయి, కానీ నిలవలేదు. ఆఖరికి మిగిలింది జార్జ్ అని పేరు పెట్టిన నత్త ఒక్కటే. ఆడా మగా ఒకే ఒంట్లో ఉన్నా, జత లేనిదే దానికి సంతానం లేదు. 2019 జనవరి 1న, సుమారు 14 ఏళ్ల వయసులో అది చనిపోయింది. దాంతో జాతీ అంతరించింది. 2017లో దాని పాదం నుంచి తీసిన 2 మిల్లీమీటర్ల ముక్క శాన్ డియాగోలో గడ్డకట్టించి ఉంది. మిగిలిన అకాటినెల్లాల కోసం ఓహు కొండల్లో ఎలుకలూ వేటనత్తలూ దాటలేని కంచెలు కట్టారు. వేటనత్తను ఆ అడవుల నుంచి పూర్తిగా ఏరివేసే ఉపాయం మాత్రం ఇంతవరకు దొరకలేదు.