స్కాలర్‌షిప్పు ఎవరి సొమ్ము?



మొన్న నాగర్‌కర్నూల్ దగ్గరి పల్లె నుంచి ఒక తండ్రి ఫోన్ చేశాడు. హైదరాబాద్‌లో సెంట్రింగ్ పని చేస్తాడు. "అన్నా, బిడ్డ డిగ్రీ అయిపోయింది. సర్కారు నుంచి ఫీజు రాలేదని కాలేజోళ్లు సర్టిఫికెట్లు ఇస్తలేరు. పోయి బతిమిలాడుకుందమా?" అన్నాడు. బతిమిలాడటం ఎందుకు? ఈ మాటకు జవాబు చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

మన గద్వాలకు 'విద్వద్గద్వాల' అని పేరు. సంస్థానం రోజుల్లో ఎక్కడెక్కడి పండితులో వచ్చి, ప్రభువు ముందు పద్యాలు చదివి, సన్మానాలు అందుకుని పోయేవాళ్లు. వనపర్తి సంస్థానంలోనూ పండితులకు ఆదరణ ఉండేది. అదీ ఒక రకం స్కాలర్‌షిప్పే! ఆ ఖజానాకు శిస్తు ఎక్కడి నుంచి వచ్చింది? పొలాల నుంచి. ఆ పొలాల్లో వెట్టి చేసిందెవరు? మాల మాదిగ వాడల జనం. మన చెమటతో ఇంకొకరి చదువుకు సత్కారం జరిగింది.

రాజు ఇచ్చే సాయం ఎట్లా ఉంటుందో బాబాసాహెబ్‌కు తెలిసినంత ఎవరికీ తెలియదు. 1913లో బరోడా మహారాజు శాయాజీరావు నెలకు 11.5 పౌండ్ల చొప్పున మూడేళ్లు ఇస్తే కొలంబియాకు వెళ్లాడు. షరతు ఏంటంటే, తిరిగొచ్చి పదేళ్లు బరోడా కొలువు చేయాలి. 1917లో వచ్చి చేరాడు. ఊళ్లో అద్దెకు గది దొరకలేదు. పార్సీల సత్రంలో ఉంటే అక్కడి నుంచీ వెళ్లగొట్టారు. మహారాజు మంచివాడే. కానీ ఆయన మంచితనం ఊరి కులాన్ని ఆపలేకపోయింది.

అందుకే 1942లో వైస్రాయ్ కౌన్సిల్‌లో సభ్యుడైన ఏడాదే అంబేడ్కర్ ప్రభుత్వానికి వినతిపత్రం ఇచ్చాడు. బనారస్, అలీగఢ్ యూనివర్సిటీలకు డబ్బులిస్తున్న ఖజానా మా పిల్లలకు ఎందుకివ్వదని లెక్కలతో నిలదీశాడు. ఏటా 3 లక్షల రూపాయలు మంజూరయ్యాయి. 1944లో మొదలైన ఆ పథకమే ఈనాటి పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పు. తర్వాత గిరిజనులకూ, వెనుకబడిన కులాలకూ విస్తరించింది. ఈ సంగతి తెలియని బీసీ తమ్ముళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లకూ చెప్పండి.

ఆ రోజుల్లో మన పాలమూరు నిజాం రాజ్యంలో ఉండేది. ఇక్కడ బి.ఎస్. వెంకట్రావు, శ్యాంసుందర్ వంటి మన నాయకులు కొట్లాడారు. నిజాం పాలన చివరి రోజుల్లో దళితుల చదువుకు కోటి రూపాయల నిధి ఏర్పడింది. అదీ ఊరికే రాలేదు.

ఈ హక్కును బాహాటంగా రద్దు చేసే ధైర్యం ఎవరికీ లేదు. నలిపేసే దారులు మాత్రం ఉన్నాయి. పాత ఖర్చంతా రాష్ట్రాలే మోయాలి, దాని పైన పెరిగినదే మేమిస్తాం అని కేంద్రం చాలాకాలం తప్పించుకుంది. గొడవైతే 2020 డిసెంబరులో కేంద్రం 60, రాష్ట్రం 40 అని తేల్చారు. ఇటు రాష్ట్రంలో బకాయిలు పెరిగిపోయి 2025లో ప్రైవేటు కాలేజీలే బంద్ పెట్టాయి. సర్కారుకు, కాలేజీకి నడుమ నలిగేది మన బిడ్డ. మాకాలంలో నా మెమో కూడా ఒక కాలేజీ బీరువాలో ఏడాదిన్నర పడి ఉంది, అందుకే ఆ తండ్రి గొంతు నాకు కొత్తగా అనిపించలేదు.

ఇప్పుడు గద్వాల కోటలో డిగ్రీ కాలేజీ ఉంది. వనపర్తి రాజుగారి ప్యాలెస్‌లో పాలిటెక్నిక్ ఉంది. మన తాతలు చెప్పులు చేతపట్టుకుని నడిచిన గడపలు అవి. ఈనాడు మన పిల్లలు బ్యాగు భుజానికేసుకుని లోపలికి పోతున్నారంటే, వాళ్ల వెనక ఆ 3 లక్షల కొట్లాట ఉంది.

ఆ తండ్రికి ఇదే చెప్పాను. బతిమిలాడొద్దన్నా, అది మనకు రావాల్సిన బాకీ. సోమవారం నాగర్‌కర్నూల్ కలెక్టరేట్ ప్రజావాణిలో అర్జీ ఇస్తున్నాం. గద్వాల, వనపర్తి వాళ్లు మీమీ కలెక్టరేట్లలో ఇవ్వండి. ఈపాస్ అప్లికేషన్ నంబరు, కులం, ఆదాయం సర్టిఫికెట్లు, కాలేజీ బోనఫైడ్ జిరాక్సులు పెట్టండి. అర్జీ ఇచ్చాక రశీదు తీసుకోవడం మరవకండి.