తెల్లదా, నల్లదా

కర్నూలు బస్సు గార్గేయపురం, బ్రాహ్మణకొట్కూరు దాటి నందికొట్కూరు చేరింది. పటేల్ సెంటర్‌లో దిగండి. ఎండ ఇంకా ముదరలేదు గానీ ఆషాఢం గాలి దుమ్ము లేపుతోంది. విత్తనాల సంచులు ఎక్కించుకుంటున్న ఆటోలను తప్పించుకుని ఎరువుల కొట్టు పక్క సందులోకి తిరిగితే నాలుగో షట్టరు. బోర్డు లేదు. గోడకు వేలాడే పాత బెల్టుల గుత్తే బోర్డు. కాస్త వంగి లోపలికి రండి, పైన రేకు తగులుతుంది.

ముందు కిరసనాయిలు వాసన. దాని కింద మిషను నూనె. ఇంకా కింద, పాత టేకు చెక్క. కళ్లు చీకటికి అలవాటు పడితే నేల మీద పదకొండు కుట్టు మిషన్లు కనిపిస్తాయి, తలలు వెనక్కి వాల్చి కడుపులు బయటపెట్టుకుని. ఆషాఢంలో ఇంతే. పెళ్లిళ్లుండవు, జాకెట్లు రావు, ఊళ్లో దర్జీలందరూ మిషన్లు తెచ్చి ఇక్కడ పడేస్తారు. శ్రావణం వచ్చిందంటే మళ్లీ మిషనుకూ మనిషికీ ఊపిరాడదు.

గోనెపట్టా మీద కూర్చున్న పెద్దాయన తల ఎత్తకుండానే "కూసో" అంటాడు. మీతోనా, ఆ ఎదురుగా ఉన్నవాళ్లతోనా తెలీదు. ఎదురుగా పగిడ్యాల నుంచి వచ్చిన తల్లీ కూతురూ. కూతురికి ఇరవై దాటి ఉండవు. ఒళ్లో అట్టపెట్టె, పెట్టెలో తెల్లటి మిషను. బెంగళూరులో పనిచేసే అన్న ఫోనులో బుక్ చేసి పంపించాడు. 2,400 రూపాయలు. నచ్చకపోతే వారంలోపు వాపసు. అందులో నాలుగు రోజులు అప్పుడే అయిపోయాయి.

"ఇదుండగా ఇంగ నా దగ్గరికెందుకొచ్చినారు?" పెద్దాయన అడిగాడు.

"మందం గుడ్డ వేస్తే మూలుగుతాంది తాతా."

"యాదీ, పెట్టు. కుట్టి చూపించు."

ప్లగ్గు పెట్టింది. ముందు లైనింగు గుడ్డ, రెండు పొరలు. గిర్రున పోయింది. కుట్టు సన్నగా, ముద్దుగా పడింది. ఆ పిల్ల ముఖంలో గర్వం చూడండి, అన్న పంపిన వస్తువు కదా. ఇప్పుడు పెద్దాయన పక్కనున్న పాత ప్యాంటు ముక్కను రెండు మడతలు వేసి అందించాడు. సూది దిగింది. మోటరు "ఊఁ" అని ఆగింది. చక్రం చేత్తో తిప్పితే కింద దారం ముద్ద కట్టింది.

ఆయన తిట్టలేదు. అల్మారా మీంచి ఇలాంటిదే ఇంకో తెల్ల మిషను తీశాడు, ఎవరో వదిలేసి పోయింది. దాన్ని విప్పి లోపలి పళ్లచక్రం వేలి మీద పెట్టి చూపించాడు. ప్లాస్టిక్కు. ఒక పక్క పళ్లు అరిగి నున్నగా, ముసలోళ్ల చిగుళ్లలా ఉన్నాయి. "ఈ ఒక్క చక్రం కోసం కర్నూలంతా తిరిగినా. దొరకలా. నీదాన్ని మాత్రం విప్పనమ్మా, విప్పితే వాపసు తీసుకోరు."

తల్లి ముఖం చిన్నబోయింది. ఆయనే సర్దాడు: "ఇంట్లో చిరుగులకు ఇది బంగారం. వెనక్కి కుట్టే బటనుంది, లైటుంది, చంకలో పెట్టుకుని పోవచ్చు. రోజుకు ఎన్ని జాకెట్లు కుడదామని?"

"మూడు. నాలుగు."

"అట్లయితే ఇది శ్రావణం దాటదు."

ఇప్పుడు గోడవారకు చూడండి. అమ్మకానికి మూడు నల్ల మిషన్లు. పిల్ల కన్ను సహజంగానే మొదటిదాని మీద పడింది. అద్దంలా మెరుస్తోంది, బంగారు రంగు పూలతీగ కొత్తగా ఉంది. నాకూ అదే నచ్చింది, ఒప్పుకోవాలి. పెద్దాయన నవ్వాడు. పాత తలకు నల్ల రంగు కొట్టి, బజార్లో దొరికే స్టిక్కర్లు అంటిస్తే ఎవరైనా పెళ్లికూతురే అవుతుందట. రంగు కాదు, ఊగు చూడాలి. సూది పట్టుకునే కడ్డీని రెండు వేళ్లతో అటూ ఇటూ కదపమన్నాడు. పిల్ల కదిపింది. కటకటమంది. రెండోదాని కడ్డీ గట్టిగానే ఉంది గానీ చక్రం తిప్పబోతే చెయ్యి నొప్పెట్టేంత బిగువు. లోపలంతా జిగురు. "కొబ్బరినూనె పోసినారు దీనికి. తలకు పోసేది మిషనుకు పోస్తే గడ్డకట్టకుండా ఏమైతాది? కిరసనాయిలు పోసి రెండు దినాలు నాననియ్యాల."

మూడోది అన్నిటికంటే మాసినది. దగ్గరికి వచ్చి చూడండి, దీని దగ్గర కాసేపు కూర్చోవలసిందే. పీఠం మీద, ముందు అంచున, పూలతీగ చెరిగిపోయింది. ఎవరూ గీకలేదు. ఏళ్ల తరబడి గుడ్డ జారిజారి చెరిగింది. కుడిపక్క పీఠం మీద నంబరు పొడిచి ఉంది, ముందు 'వై' అన్న ఇంగ్లీషు అక్షరం. సింగర్ మిషన్ల మీద వై వరస అంటే స్కాట్లండులోని క్లైడ్‌బ్యాంక్ కార్ఖానా, 1920ల, 1930ల నాటిది. యంత్రాలంటే అంత పేచీ పెట్టుకున్న గాంధీజీ కూడా 1924లో మినహాయింపు ఇచ్చింది ఈ సింగర్ కుట్టుమిషనుకే. 1941 మార్చిలో జర్మన్ బాంబులు క్లైడ్‌బ్యాంక్ పట్టణాన్ని నేలమట్టం చేసేనాటికి ఇది ఓడెక్కి వచ్చేసి ఉంటుంది. ఆ కార్ఖానా 1980లో మూతపడింది. ఈ సంగతి పెద్దాయనకు చెబితే బాబిన్ కేసు తుడుచుకుంటూ "మూసేస్తే మూసేసినారులే" అన్నాడు. "షటిలు లూధియానాది పడతాది. బాబిన్ కేసు పడతాది. సూది ఏ కొట్లోనైనా దొరుకుతాది."

నిజమే. ఈ ఒరవడిని జపాన్‌లో దించుకున్నారు, మన దేశంలోనూ దించుకున్నారు. 1930లలో కలకత్తాలో మొదలైన ఉషా దగ్గర్నుంచి ఊరూ పేరూ లేని పంజాబు మిషన్ల దాకా నల్లవాటిలో చాలావాటికి ఒకదాని సామాను ఇంకోదానికి సరిపోతుంది. ఈ ఊరికి రైలు లేదు. అయినా లూధియానా షటిలు కర్నూలు మీదుగా బస్సులో ఇక్కడికి వస్తుంది. మొన్న మొన్న పుట్టిన తెల్ల మిషను చక్రం రాదు.

"అయితే దీనికి వెనక్కి కుట్టు లేదు," పెద్దాయన ముందే చెప్పేశాడు. "మొదలూ చివరా గట్టి చేయాలంటే గుడ్డ తిప్పి కుట్టుకోవాల. జిగ్‌జాగ్ లేదు. పికోకు, ఓవర్‌లాక్‌కు వేరేవాళ్ల దగ్గరికి పోవాల్సిందే."

"కాళ్లు పట్టుకుపోవా?" తల్లి.

"మోటరు తగిలించుకోవచ్చులే అక్కా, పైసలు వచ్చినాక. కరెంటు పోతే మళ్లా తొక్కుకోవచ్చు."

తల్లికి ఇంకో ఆశ ఉంది. గవర్నమెంటు వాళ్లు ఇస్తారంట కదా అంది. పెద్దాయనకు ఆ లెక్కలన్నీ నోటికి వచ్చు. 2020లో మొదలైన చేదోడు పథకంలో దుకాణమున్న దర్జీలకు ఏడాదికి 10,000 వచ్చింది. 2023 సెప్టెంబరులో మొదలైన విశ్వకర్మ పథకంలో పనిముట్లకు 15,000. "దరఖాస్తు పెట్టుకోండి, వద్దనను. వస్తే మోటరుకు, ఇస్త్రీపెట్టెకు పనికొస్తాది. శ్రావణం మాత్రం నీ దరఖాస్తు కోసం ఆగదు కదమ్మా."

ఫోను మోగింది. అన్న. స్పీకరులో పెట్టకపోయినా గొంతు మనందరికీ వినిపిస్తోంది. కొత్తది పంపిస్తే పాత ఇనుము కొంటారా, ఎవరైనా వింటే నవ్వరా అని. పిల్ల ఏమీ అనలేదు. "మళ్లా చేస్తా అన్నా" అని పెట్టేసింది. తర్వాత చేతిసంచిలోంచి సగం కుట్టిన జాకెట్టు తీసింది. పెద్దాయన ఆ నల్ల మిషనును స్టాండు మీద ఎక్కించి, బెల్టు తగిలించి, పక్కకు జరిగాడు.

తొక్కడం మొదలెట్టింది. మొదట చక్రం ఎదురు తిరిగి దారం పుటుక్కున తెగింది. రెండోసారి సరిగ్గా తిరిగింది. భుజం దగ్గర నాలుగు పొరలు, ఆపైన మెడపట్టీ. సూది ఆగలేదు. టకటకటక, అదే వేగంతో దాటిపోయింది. కానీ తిరగేసి చూస్తే అడుగున దారం వదులుగా ఉచ్చులుచ్చులుగా పడింది. పిల్ల ఆయన వైపు చూసింది. ఆయన మీవైపు చూశాడు. ఎవరూ కదల్లేదు.

"నువ్వే చేయి," అన్నాడు చివరికి. "పైదారం బిగువు చూడు ముందు. ఆ గుండ్రటి బిళ్లల మధ్యన దారం కూసోలేదు."

సర్దింది. కొంచెం నయం. ఇంకా ఉంది. బాబిన్ కేసు బయటికి తీయమన్నాడు, దారం కొస పట్టుకుని వేలాడదీయమన్నాడు. జరజరా జారితే వదులు, కదలకపోతే బిగువు. చిన్నగా కుదిపితే బెత్తెడు దిగి ఆగాలి. కేసు జరజరా నేలకు దిగింది. సన్న స్క్రూడ్రైవరు చేతికిచ్చాడు. "పావు తిప్పు. పావంటే పావే." మళ్లీ వేలాడదీసింది. కుదిపింది. బెత్తెడు దిగి ఆగింది.

తర్వాత పీఠం మీది పలక విప్పించాడు. పళ్ల సందుల్లో నూలు పీచు నమదాలా గట్టిపడి ఉంది. సూదితో గీరితే పొరలు పొరలుగా ఊడింది. పైన తెలుపు, దాని కింద నీలం, ఇంకా కింద ఖాకీ. ఖాకీ చాలా ఉంది. ఎవరో ఎన్నో ఏళ్లు స్కూలు నిక్కర్లో పోలీసు బట్టలో కుట్టారు. పిల్ల ఆ పీచును ఊదేయబోయి ఆగి, కాగితంలో చుట్టి పక్కన పెట్టింది. ఎందుకో నేను అడగలేదు.

బేరం తల్లి చూసుకుంది. స్టాండుతో కలిపి 5,500 అన్నాడు. 4,000 అంది. 4,800 దగ్గర ఇద్దరూ ఆగారు. చేతిలో మూడు వేలే ఉన్నాయి. మిగతాది కేసీ కాలువకు నీళ్లొచ్చి నాట్లకు కూలికి పోయినాక. ఆయన గోడ మీద సుద్దతో 1,800 అని రాసి పక్కన పగిడ్యాల అని రాశాడు. సింగర్ కంపెనీ 1856లోనే అమెరికాలో వాయిదాల మీద మిషన్లు అమ్మడం మొదలుపెట్టింది. అక్కడ కాగితం మీద సంతకాలుండేవి. ఇక్కడ సుద్ద.

"చెడిపోతే నిన్నే పిలుస్తా తాతా."

"పిలువు. నేనుంటే వస్తా." తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు ఆ సన్న స్క్రూడ్రైవరును మిషను సొరుగులో పడేశాడు. దానికి డబ్బులు అడగలేదు. నాతో మాత్రం, వాళ్లు వినకుండా, తన కొడుకులకు ఈ పని రాదని చెప్పాడు.

ఇక ఆటో. స్టాండు పైన కట్టారు, టేబులు సీటు వెనక ఇరికించారు. మిషను తల పాతచీరలో చుట్టి పిల్ల ఒళ్లో పెట్టుకుంది, పన్నెండు కేజీలు ఉంటుంది. తెల్లమిషను అట్టపెట్టె కాళ్ల దగ్గర, వాపసుకు. అన్నకు ఇంకా ఫోను చేయలేదు. ఆటో కదిలి పగిడ్యాల రోడ్డెక్కింది. గతుకుల్లో చీరలోంచి చక్రం బయటికొచ్చి తిరగబోతుంటే తల్లి అరచేత్తో అదిమి పట్టుకుంది.